ఏడు ముడుల దారం

"ఆ మిషను ఏదో ఒక దినం నీ చెయ్యి తీసేస్తాదప్పా" అన్నాను.

అప్పటికి వాడింకా ఏ మిషనూ ముట్టుకోలేదు. మదనపల్లెలో జెఫ్రీ మేస్త్రీ షాపులో పనికి చేరుతున్నానని చెప్పి, పుంగనూరులో మా ఇంటి గడప పక్కన కూర్చుని సంగటి తింటున్నాడు, అంతే.

వాడు మా గంగాధరం. నాకున్న ఒక్క కొడుకు. ఇరవై నాలుగేళ్ళు. జెఫ్రీ మేస్త్రీ ఇనప గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తాడు. ఆ షాపులో ఇనుము కోసే మిషన్లు, బెజ్జాలు వేసే మిషన్లు, అన్నీ కరెంటువే.

వాడు భయపడొద్దని కూడా చెప్పలేదు. నా సంగతి వాడికి తెలుసు. ముద్ద మింగి, "ముందు చెయ్యి కడుక్కోనీమా. ఆమీట తీసేస్తాదో లేదో సూస్తాం" అన్నాడు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. మిక్సీ వాడాక ప్లగ్గు పీకి, పీకానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని. అవన్నీ ఉత్త భయాలేనని నాకూ తెలుసు. కానీ ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా అన్న మారప్పకు కలికిరిలో కట్టెలు కోసే మిల్లులో కుడిచేతి బొటనవేలు పోయింది. ఇప్పటికీ మా ఇంటికొచ్చి కాఫీ గ్లాసు అందుకుంటే, మిగిలిన నాలుగు వేళ్ళూ దాన్ని ఎలా పట్టుకోవాలా అని తడుముకుంటాయి. నేను పొయ్యి వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు నిలబడతాను.

పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో గంగమ్మ గుడి ఉంది. అక్కడ ఏడు ముడులు వేసిన నల్లదారం ఇస్తారు. సన్నదారం కాదు, నాలుగు పేటలు కలిపి పేనింది. ముడి వేశాక కొసలు బెత్తెడు వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించకూడదు. అరిగిపోయి వాటంతట అవే రాలిపోవాలి. సెలవు పెట్టి పోయి తెచ్చి వాడి కుడి మణికట్టుకు కట్టాను. నా తల మీద చెయ్యి పెట్టించి, "నా మీద ఒట్టు. దీన్ని తియ్యకూడదు, కొసలు కొయ్యకూడదు" అన్నాను. వాడు అలాగేనన్నాడు.

మా ఇళ్ళలో ఒట్టు తప్పితే, తప్పినవాడికి ఏమీ కాదంటారు. ఎవరి మీద ఒట్టు వేశారో వాళ్ళకు తగులుతుందంటారు. వాడికి ఆ మాట చిన్నప్పటి నుంచీ చెప్పి పెంచింది నేనే.

మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. ఆదివారం ఇంటికొస్తే అంతా మేస్త్రీ మాటలే. ఆయన ముప్పై ఏళ్ళు చర్చివాళ్ళు నడిపే ఒక మిషన్ ఆస్పత్రిలో మంచాలు, బండ్లు బాగుచేసి రిటైరైనవాడట. పొద్దున షట్టరు తీసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడట. ప్రార్థన అర నిమిషమైతే, మిషన్ల వైర్లు చూడటం పది నిమిషాలట. ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి మిషను దాకా వైరును వేళ్ళ మధ్య జరుపుతూ పోతాడట. ఎక్కడైనా చీలిక తగిలితే టేపు చుట్టనివ్వడు, వైరు మార్చాల్సిందే. ప్లగ్గు లేకుండా రెండు తీగలను అగ్గిపుల్లలతో సాకెట్లో దూర్చేవాళ్ళను చూస్తే ఆయనకు కోపమట. కోసే చక్రం మీద ఉండే రేకు మూతను ఎంత తొందరైనా తియ్యనివ్వడట. పని మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసేస్తాడట. ఇవన్నీ విన్నాక, చూడకుండానే ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది. నాకంటే భయస్తుడు ఒకడున్నాడు, వాడి దగ్గరే నా కొడుకు ఉన్నాడు అనుకున్నాను.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు.

వారానికొకసారి చేసేవాడు, ఒక బుధవారం పొద్దున ఏడింటికి చేశాడు. లేచినావా, బాగుండావా, గుండెల్లో నొప్పి గానీ ఏమీ లేదు కదా అని అడిగాడు. సాయంత్రం మళ్ళీ చేశాడు. మర్నాడు రెండు పూటలా. ఆ మర్నాడూ అంతే. రోడ్డు దాటేటప్పుడు చూసుకోమంటాడు. అన్నం గుండిగ ఒక్కదానివే దించొద్దంటాడు. నేను వాడికి చెప్పాల్సిన మాటలన్నీ వాడు నాకు చెబుతున్నాడు.

నాతోపాటు వంట చేసే రమణమ్మకు చెప్పుకున్నాను. వీడికేదో అయ్యింది, నా దగ్గర దాస్తున్నాడు అన్నాను. రమణమ్మ గరిటె ఆపలేదు. "కొడుకు దినానికి రెండుసార్లు ఫోన్ చేస్తాండాడని ఏడ్చేదాన్ని నిన్నే సూసినా మునీశ్వరీ. నా కొడుకు పండక్కి కూడా చెయ్యడు. మార్చుకుందామా సెప్పు" అంది.

ఆదివారం వచ్చాడు. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా. గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని ఉన్నాడు. తినేటప్పుడు కూడా మడవలేదు. ఎందుకని అడిగితే షాపులో రూలు అన్నాడు. ఇది షాపు కాదు కదా అన్నాను. అలవాటైపోయిందన్నాడు. మూడు ఆదివారాలు అదే చొక్కా, అదే మాట. కుట్లు పడ్డాయేమో, కాలిందేమో, ఆ గుడ్డ కింద ఏముందోనని నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ తర్వాతి గురువారం పొద్దున ఏడింటికి ఫోన్ రాలేదు.

ఏడున్నర అయ్యింది. ఎనిమిదైంది. నేను చేస్తే స్విచాఫ్. మేస్త్రీ ఫోన్ మోగుతోంది గానీ ఎవరూ తియ్యలేదు. మదనపల్లెలో ఆయన భార్య మార్తమ్మకు చేశాను. వాళ్ళు నిన్ననే కుప్పం పోయారని, స్టేషను అవతల కొత్తగా కట్టే ఇంటికి గ్రిల్లులు బిగిస్తున్నారని చెప్పింది. ఆయన ఫోన్ డబ్బాలో ఉంటుంది, అన్నానికి ఆపేదాకా తియ్యరమ్మా అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆమెకూ తెలియదేమో అనుకున్నాను.

రమణమ్మకు గుండిగ అప్పజెప్పి బస్సెక్కాను. ఈసారి ఆమె ఎగతాళి చెయ్యలేదు. చేరగానే ఫోన్ చెయ్యమంది. ఆ మాటతో ఇంకా భయమేసింది.

పలమనేరులో బస్సు మారాను. వి.కోట దాటాక ఎదురుగా అంబులెన్సు వచ్చింది. కిటికీలోంచి తల బయట పెట్టి, దాని వెనకాల గ్రిల్లులు మోసే బండి ఏమైనా వస్తోందేమోనని చూశాను. కండక్టరు తల లోపలికి పెట్టమన్నాడు. ఆ దారంతా నా కళ్ళకు ఒకటే కనబడింది, తువ్వాలు చుట్టిన చెయ్యి. దాని కొసన ఏముందో మాత్రం కనబడలేదు.

కుప్పంలో దిగి స్టేషను అవతలికి నడిచాను. ఇల్లు ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. ఇనుము కోసే చప్పుడు దూరానికే వినిపించింది.

ఇంటి ముందు వీపు నా వైపు పెట్టి నిలబడి ఉన్నాడు గంగాధరం. ముఖానికి అద్దం మూత, ఒంటికి తోలు గుడ్డ, చేతులకు తోలు తొడుగులు. రెండు చేతులతోనూ మిషను పట్టుకుని కమ్మీ కోస్తున్నాడు. నిప్పురవ్వలు గోడ వైపు పోతున్నాయి. పక్కన బకెట్టులో నీళ్ళున్నాయి. కొంచెం పక్కకు ఒరిగి తొడుగుల వేళ్ళు లెక్కపెట్టాను. పది ఉన్నాయి. 

"గంగా" అని అరుస్తూ పరిగెత్తాను. పైట గాలికి ఎగురుతోంది. వాడు తిరగలేదు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

మధ్యలోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తెల్లమీసాలు, మెడలో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. నన్ను ముట్టుకోలేదు, గోడలా అడ్డం నిలిచాడు.

"ముందు పైట బిగించుకోండమ్మా. మిషను పట్టుకోని ఉండేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, ముట్టుకోకూడదు."

పైట నడుముకు దోపుకున్నాను. ఆయనే జెఫ్రీ మేస్త్రీ. చుట్టూ తిరిగి వాడికి ఎదురుగా, కనబడేలా నిలబడి చెయ్యి ఎత్తాడు. గంగాధరం స్విచ్చు మీది వేలు తీశాడు. చప్పుడు తగ్గింది గానీ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. వాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తల్లి వచ్చి వెనకాల నిలబడి ఉంటే వీడు చక్రాన్ని చూస్తున్నాడేమిరా అనుకున్నాను. అది పూర్తిగా ఆగాక మిషను కింద పెట్టాడు. బోర్డు దగ్గరికి పోయి స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని చేతిలో పట్టుకునే ముఖం మీది మూత పైకెత్తి ఇటు తిరిగాడు.

నన్ను చూసి వాడి ముఖం పాలిపోయింది. రెండు అంగల్లో వచ్చి, తల నుంచి కాళ్ళ దాకా చూసి, "బాగుండావా మా? ఏమయింది?" అన్నాడు.

అడగాల్సింది నేను. అదే మాట అన్నాను.

ఫోన్ సంగతి అప్పుడు చెప్పాడు. నిన్న సాయంత్రం నాతో మాట్లాడి, ఫోన్ డబ్బాలో పెట్టకుండా జేబులో వేసుకున్నాడట. వంగినప్పుడు అది జారి నిప్పురవ్వల కోసం పెట్టిన ఆ బకెట్టులోనే పడిందట. నా నంబరు వాడికి నోటికి రాదు. అన్నానికి ఆపాక మార్తమ్మను అడిగి చేద్దామనుకున్నాడట. "డబ్బా ఉండేది బిస్కెట్లకు అనుకున్నాడమ్మా మీవాడు" అన్నాడు మేస్త్రీ. నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి మొదటిసారి.

వాడు తొడుగులు తీసి, ముఖం కడుక్కోవడానికి చొక్కా చేతులు మడిచాడు. కుట్లు లేవు, కాలిన మచ్చ లేదు. కుడి మణికట్టు చుట్టూ గోటితో గీసినట్టు సన్నటి గీత ఒకటుంది, అంతే. కానీ దారం లేదు.

"దారం యాడప్పా?" అన్నాను.

వాడు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నన్ను ఇటుకల మీద కూర్చోమని, తనే చెప్పాడు. మూడు వారాల కింద, మంగళవారం, గంగాధరం షాపులో ఇనుముకు బెజ్జం వేస్తున్నాడట. ఆ పనికి తొడుగులు వేసుకోరు, తిరిగే మొనకు గుడ్డ తగిలితే లాగేస్తుందని. తొడుగులు లేవు గానీ దారం కొసలున్నాయి. అవి మొనకు తగిలాయి. రెప్పపాటులో చుట్టుకుని మణికట్టును మొన మీదికి లాగాయి. వేలు స్విచ్చు మీద నుంచి వదిలెయ్యగానే మిషను ఆగింది, దారం తెగింది, తోలు గీసుకుంది. వేలు తీసినా స్విచ్చును నొక్కి ఉంచే బొత్తాం ఒకటుంటుందట, వేలు నొప్పి పుట్టకుండా. చాలామంది దాన్ని నొక్కేసి పని చేస్తారట. వీడు నొక్కలేదు. నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు.

"తప్పు నాదీ ఉండాదమ్మా" అన్నాడు మేస్త్రీ. "చేతికి ఏమీ వేలాడకూడదని చెప్పినా. అమ్మ మీద ఒట్టు సార్ అన్నాడు. మీ దేవుని దారం కదా, చర్చికి పొయ్యే నేను తియ్యమంటే ఇంకో రకంగా అనుకుంటారేమోనని ఊరకుండిపోయినా. మిషనుకు అవన్నీ తెలవవు. నేనే తెలుసుకోవాల్సింది."

 కొసలు కొయ్యకూడదన్నది నేను. మా అన్న బొటనవేలు గుర్తొచ్చి కట్టిన దారం, అదే దారం. వాడి కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని ఒక్కొక్క వేలూ మడిచి చూశాను, పురిటి గదిలో చూసుకున్నట్టు. అన్నీ ముడుచుకున్నాయి, అన్నీ తెరుచుకున్నాయి. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయి, ఆకలేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

వాడి ఎడమచేతిలో ఇంకా ఆ ప్లగ్గు ఉంది. ప్లగ్గు మెడ దగ్గర వైరుకు నల్లగా ఏదో బిగుతుగా చుట్టి ఉంది. దగ్గరికి తీసుకుని చూశాను. నాలుగు పేటల దారం. కొసలు మొదలంటా కోసేశాడు. తెగిన చోట కలిపి ముడేశాడు. మిగతా ముడులు వేలితో తడిమాను. ఏడూ ఉన్నాయి.

"అది వాని రూలమ్మా, నాది కాదు" అన్నాడు మేస్త్రీ. "ఆ దారం చేతికి తగిలితేనే వాడు చక్రం మార్చేది. అంటే ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుంటేనే." ఆ మాట చెప్పి, కొలత చూడాలంటూ లోపలికి పోయాడు.

ఇద్దరమే మిగిలాం. నేను వాణ్ణి తిట్టలేదు. తిట్టడానికి నాకు నోరెక్కడిది. ఒక్కటే నాకు అర్థం కాలేదు.

"గాయం లేదు, నొప్పి లేదు. మరి దినామూ రెండు పూటలా ఆ ఫోన్లు యాలప్పా? నాకు గుండె నొప్పి ఉండాదా అని యాల అడుగుతా వచ్చినావు?"

 వాడు ప్లగ్గును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. స్టేషనులో రైలు వచ్చింది. వచ్చిన రైలు ఆగి, మళ్ళీ కదిలి, దాని చప్పుడు దూరమైంది. లోపల మేస్త్రీ గోడ మీద సుద్దతో గీత గీస్తున్న శబ్దం వినిపించింది. నేను అడిగిన మాట మరిచిపోయాడేమో అనుకున్నాను.

"కొసలు కోసినా కదమ్మా" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. "నీ మీద ఒట్టు. నీకేమన్నా అయిపోతాదేమోనని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సూసుకుంటాండా."