సోమవారం పదింటి పోస్టు

శనివారం సాయంత్రం వచ్చిన మెయిల్‌ను మల్లిక సోమవారం పొద్దుటి దాకా తెరవలేదు. పంపింది ఆఫీసులో ఆమె పైఅధికారి ప్రేమ్‌సాగర్ సార్. పైన ‘నీ పోస్టు గురించి’ అని మాత్రమే ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మెయిల్ మీద వేలు పెట్టబోయి మళ్లీ పక్కన పడేయడం, ఆదివారమంతా ఇదే సరిపోయింది.

మల్లిక వికారాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తోంది. చుట్టుపక్కల మండలాల్లోని కాపరులకూ రైతులకూ టీకాల తేదీలు, వాన కబుర్లు ఫోన్‌లో చేరవేయడం ఆ కంపెనీ పని. తాండూరులో చెల్లెలు కాలేజీలో చదువుతోంది కాబట్టి ఇద్దరూ అక్కడే గది తీసుకున్నారు. మల్లిక రోజూ రైల్లో వికారాబాద్ వెళ్లి వస్తుంది. తల్లిదండ్రులు రామమ్మ, ఈరయ్య పెద్దేముల్ దగ్గర ఊళ్లో గొర్రెలు కాసుకుంటూ ఉంటారు.

కంపెనీకి ఒక టెక్నికల్ బ్లాగు ఉంది. అందులో ఎవరైనా రాయొచ్చు. అయితే ఎలా రాయాలో చెబుతూ ప్రేమ్‌సాగర్ ఒక పేజీ నియమాలు రాసి ఆఫీసు గోడకు అంటించాడు. చేసిన పని గురించే రాయాలి. ఎక్కడ దెబ్బతిన్నామో అది కూడా రాయాలి. ఇంకొకరి రాత ఎత్తి పెట్టకూడదు. బొమ్మల్లో ఎవరి పేరూ, ఎవరి ఫోన్ నంబరూ కనబడకూడదు. బాగా వచ్చిన భాషలో రాయండి, తర్వాత ఇంగ్లీషులోకి మార్పిస్తాం. ఆ పనితో సంబంధం లేని మనిషి ఒకరు ముందుగా చదవాలి. ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించాలి. శుక్రవారం లోపు పంపిన పోస్టు, ఎవరూ ఆపకపోతే, సోమవారం పది గంటలకు దానంతటదే బ్లాగులోకి వెళ్లిపోతుంది.

మల్లిక తెలుగులో రాసింది. అప్పటిదాకా అందరూ ఇంగ్లీషులోనే రాశారు. నియమాల్లో ఉన్నా నిజంగా ఎవరూ తెలుగులో రాయలేదు. అందుకే ఆ మెయిల్‌లో ‘ఇంగ్లీషులో మళ్లీ రాసి పంపు’ అని ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం. అదే చూడాలనిపించలేదు.

ఆమె రాసిన సంగతి ఇది. మొదట కంపెనీ టీకాల తేదీలను మెసేజ్‌లుగా పంపేది. వాటిని చూసి టీకా శిబిరానికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. దాంతో ఈ ప్రాంతపు మాటలోనే రికార్డు చేసి, ఫోన్ చేసి వినిపించడం మొదలుపెట్టారు. సగంలో ఫోన్ కట్ అయితే మళ్లీ ఎప్పుడు చేయాలో చూసుకునే ప్రోగ్రాం రాసింది మల్లికే. మొదటి వారం అందులో తప్పు దొర్లి ఒకాయనకు ఒకే పూట పదకొండు సార్లు ఫోన్ పోయింది. ఆ సంగతీ దాచకుండా రాసింది.

ఆ సోమవారం రైలు తాండూరు నుంచి ఆలస్యంగా బయల్దేరింది. మల్లిక పక్కన మార్త కూర్చుంది. మార్తది ఈరయ్య వాళ్ల ఊరే. వికారాబాద్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ధారూర్ దాటాక మల్లిక మెయిల్ తెరిచే ధైర్యం లేక, తన పోస్టునే మరోసారి చదువుకుందామని తీసింది. మార్త తొంగిచూసి ఏం చదువుతున్నావని అడిగింది. మల్లిక చెప్పింది. టీకా ఫోన్ల గురించి అనగానే మార్తకు సరదా పుట్టి, బొమ్మలేమన్నా ఉన్నాయా చూపించమంది. ఎవరెవరికి ఫోన్ వెళ్లిందో చూపే పట్టిక ఒకటి ఉంది. మల్లిక దాన్ని పెద్దది చేసి చూపింది.

మార్త దాన్ని కాసేపు చూసింది.

“గిది మా ఆయన నంబర్ గద బిడ్డా,” అంది. “చివర మూడు ఏడులు. మా ఎల్లప్పదే.”

మల్లిక పట్టికను మళ్లీ మొదటి నుంచి చూసింది. బొమ్మ కోసమని ఆమె ఉత్తుత్తి నంబర్లతో వేరే పట్టిక తయారుచేసింది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పేర్లు లేకపోవడంతో ఉత్తుత్తిదే అనుకుని అసలుదాన్ని పెట్టేసింది. కింద ఇంకో వరసలో వాళ్ల నాన్న నంబరు కూడా ఉంది. మొత్తం నలభై దాకా నంబర్లు. మెయిల్‌లో ఏముందో తెలియదు, పోస్టును ఆపి ఉండకపోతే పది గంటలకు అవి లోకమంతటికీ కనబడతాయి.

మార్త తప్పు పట్టలేదు. తమ ఇంట్లో జరిగింది చెప్పింది, అంతే. పోయిన చలికాలం ఎవడో ఆఫీసర్‌నని ఎల్లప్పకు ఫోన్ చేశాడు. సిమ్ బంద్ అవుతుందని బెదిరించి ఏవేవో అడిగాడు. అప్పటి నుంచి ఎల్లప్ప తెలియని నంబరు వస్తే ఫోన్ ముట్టడం మానేశాడు. “మీ టీకాల ఫోన్ ఒక్కటే ఎత్తుతడు. అండ్ల మన మాట వినబడ్తదని.”

మల్లిక ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది. సిగ్నల్ లేదు. మెయిల్ తెరవబోతే చక్రం తిరుగుతూ ఉండిపోయింది. పట్టాలకు రెండువైపులా అడవి. ఇంతలో వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వాలని వాళ్ల బండి ఆగిపోయింది. టైం తొమ్మిదీ పదిహేను. మల్లిక తలుపు దగ్గరికి వెళ్లి ఫోన్ పైకెత్తి నిలబడింది. మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ వెళ్లింది. మార్త ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, ఇంకా టైముంది, ఫికర్ చేయకు అంది. బండి ఇరవై నిమిషాలు అక్కడే ఉంది. ఆ ఇరవై నిమిషాలూ మల్లిక ఆ నలభై ఇళ్లనూ తలుచుకుంది. ఆ ఇళ్లవాళ్లలో సగం మందిని ఆమె చిన్నప్పటి నుంచీ చిన్నాన్నా, మామా అని పిలుస్తుంది.

వికారాబాద్ దగ్గరపడుతుండగా సిగ్నల్ వచ్చింది. ప్రేమ్‌సాగర్ ఫోన్ ఎత్తలేదు, బైకు మీద దారిలో ఉండి ఉంటాడు. ఆఫీసు నంబరుకు చేస్తే నిరోషా ఎత్తింది. నిరోషాకు కంప్యూటర్ పని తెలియదు. కాపరుల నుంచి వచ్చే ఫోన్లు మాట్లాడటం ఆమె ఉద్యోగం. మల్లిక గుక్క తిప్పుకోకుండా పోస్టు ఆపాలని, బొమ్మలో నంబర్లున్నాయని చెప్పింది.

“అది ఆపినం మల్లికా,” అంది నిరోషా. “శనివారమే ఆపినం. సార్ నాకిచ్చి చదవమన్నడు. నాకు గా ప్రోగ్రాం సంగతి సమజ్ కాలే గని, నంబర్లు చూసి గుర్తుపట్టిన. దినాం నేను మాట్లాడే నంబర్లే గద. సార్ నీకు మెయిల్ పెట్టిండు, చూడలేదా?”

రైలు ప్లాట్‌ఫారం మీద ఆగింది. ఆగిపోయిందట, నంబర్లు బయటికి పోలేదట అని మార్తకు చెప్పింది. మార్త ఆమె వీపు తట్టి, హాస్టల్‌కు టైమవుతోందని వెళ్లిపోయింది. మల్లిక అక్కడే బెంచీ మీద కూర్చుని, రెండు రోజులుగా తప్పించుకు తిరిగిన మెయిల్‌ను తెరిచింది.

అందులో మూడే సంగతులున్నాయి. బొమ్మలో అసలు నంబర్లున్నాయి కాబట్టి పోస్టు ఆపామని ఒకటి. మీ ఊరివాళ్లకు చదివి వినిపించావా అని రెండోది. పదకొండు సార్లు ఫోన్ పోయిన సంగతి ఎవరేమన్నా తీసేయకు, అది చాలా బాగుంది అని మూడోది. తెలుగు గురించి ఒక్క మాట లేదు. మల్లిక దాన్ని రెండుసార్లు చదివింది. భుజాల మీది నుంచి ఎవరో మూట దించినట్టనిపించింది. కళ్లు తుడుచుకుని, బాటిల్లోని నీళ్లన్నీ తాగేసి లేచింది.

ఆఫీసుకు వెళ్లాక ప్రేమ్‌సాగర్‌తో ఉన్నదున్నట్టు చెప్పేసింది. మెయిల్ తెరవలేదనీ, ఊళ్లో వినిపించడం కూడా ఎగ్గొట్టాననీ. ప్రేమ్‌సాగర్‌ది కూడా ఈ ప్రాంతమే, బంట్వారం. నెమ్మదస్తుడు. ఆయన ముందు ఆశ్చర్యపోయి, తర్వాత ఎందుకు తెరవలేదని అడిగాడు.

“తెలుగుల రాసిన గద సార్. వాపస్ పంపిన్రనుకున్న.”

“నంబర్ల తప్పు నీది. బొమ్మ మార్చినంక నిరోషాకే చూపించు. గని మెయిల్ తప్పు నాది,” అన్నాడు ప్రేమ్‌సాగర్. “పోస్టు తీసుకుంటున్నం అని మొదటి ముక్కల్నే రాయాల్సింది.”

అని లేచి వెళ్లి, గోడ మీది నియమాల కాగితం కింద పెన్నుతో ఒక వాక్యం చేర్చాడు. పోస్టు చదివినవాళ్లు, తీసుకున్నదీ లేనిదీ మొదటి లైనులోనే చెప్పాలి. అది చూసి నిరోషా, నా పేరు కూడా రాయండి సార్, పట్టుకున్నది నేనే కదా అని నవ్వింది.

ఆ రోజు మల్లిక తొందరగా బయల్దేరి తాండూరులో దిగి, షేర్ ఆటోలో ఊరికి వెళ్లింది. ఇంకా వెలుతురుంది. ఈరయ్య గొర్రెలను దొడ్లోకి తోలి, తడిక వేసి, బండ మీద కూర్చున్నాడు. మల్లిక పక్కన కూర్చుని పోస్టు చదవడం మొదలుపెట్టింది. ప్రోగ్రాం గురించి రాసిన చోట ఆయన ఊ కొడుతూ విన్నాడు. పదకొండు ఫోన్ల దగ్గర నవ్వాడు. ‘కాపరులకు మెసేజ్ చదివి అర్థం చేసుకోవడం రాదు కాబట్టి’ అన్నచోట మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

“గట్ల రాయకు బిడ్డా. మాకు సమజ్ కాదని ఎవలు చెప్పిన్రు నీకు? ఏమని పంపిన్రు మీరు, జర చదువు.”

మల్లిక పాత మెసేజ్ వెతికి చదివింది. ‘తమ గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేయించగలరు.’

“వేయించగలరు,” అన్నాడు ఈరయ్య. “అవును, వేయించగల్గుత. ఎందుకు వేయించలేను? గదే అనుకున్న. నాకు శాతనైతదని చెప్తున్నరు, మంచిదే అని ఊకున్న. రేపు పొద్దుగాల గొర్రెల్ని తోలుకొని రా అంటే రాకపోదునా?”

మల్లికకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక సిగ్గేసింది. ఆ మెసేజ్ రాసింది కూడా తనే. ఆఫీసు కాగితాల్లో అలాగే రాస్తారని అలా రాసింది. అక్కడే కూర్చుని ఆ వాక్యం కొట్టేసి, కాపరులకు చదవడం రాక కాదు, మేం పంపిన మాట వాళ్ల మాట కాకపోవడం వల్ల శిబిరానికి రాలేదని రాసింది. తండ్రికి చదివి వినిపించింది. ఆయన మరోసారి చదవమన్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉంది అన్నాడు.

నంబర్లు మార్చి నిరోషాకు చూపించిన బొమ్మతో కలిపి పోస్టును పంపేసి ఇంట్లోకి వచ్చేసరికి, రామమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. శనివారం సాయంత్రం నుంచి తాను కడుపునిండా తిననే లేదని మల్లికకు అప్పుడు గుర్తొచ్చింది. పీట వేసుకుని కూర్చుంది. పప్పుతో మూడు రొట్టెలు తిని, నాలుగో దానికి చెయ్యి చాపింది.

“ఏమైందే, గింత ఆకలి?” అంది రామమ్మ.

“ఏం లేదమ్మా, పని అయిపోయింది,” అంది మల్లిక.