ఊపిరికి తడబడిన గాజుపోగు

కాలేయంలోని గడ్డలను కరెంటుతో వేడెక్కే సూదితో మాడ్చడంలో డాక్టర్ సెరిమ్బెత్‌ది అల్మాటీ నగరంలో పేరున్న చెయ్యి. లోపల వేడి ఎంతవరకు పాకిందన్నది మాత్రం ఆయనకూ అంచనాయే. అందుకే ఇంజనీరు అక్మరాల్ వెంట్రుకంత సన్నని గాజుపోగు తెచ్చి, "గడ్డ పక్కనే ఉండి వేడి ఎంతో ఇది చెబుతుంది, సేకే" అన్నప్పుడు కాదనలేకపోయాడు. పెద్దవాడన్న గౌరవంతో ఆమె ఆయన్ను అలాగే పిలిచేది.

బజారులో కొన్న కాలేయం మీద పోగు చక్కగా పనిచేసింది. తరువాత మత్తిచ్చిన గొర్రె వంతు వచ్చింది.

"మా తాతలు గొర్రెను వండుకు తిన్నారు. నువ్వేమో ఆపరేషన్ చేయిస్తున్నావు!"

"కోలుకున్నాక మీ కంట పడనివ్వన్లెండి, సేకే."

సూదికి కరెంటు ఇంకా పెట్టనే లేదు, తెరమీద వేడి చూపే అంకె ఎక్కుతూ దిగుతూ గంతులేసింది.

"ఏంటమ్మా, కాల్చకుండానే కాలిపోతోందా?"

ఇంకొకరైతే సాకులు వెతికేవారు. అక్మరాల్ తెర వదిలేసి గొర్రె పొట్టవైపు చూసింది. ఊపిరి యంత్రాన్ని కాసేపు ఆపమని మత్తు డాక్టరును అడిగింది. ఆపగానే అంకె నిలబడిపోయింది.

"అది వేడి కాదు. ఊపిరికి కాలేయం కదిలి పోగును లాగుతోంది. లాగినా, వేడెక్కినా దీనికి ఒకటే. బజారు కాలేయం ఊపిరి తీయదు కదా, ఆ సంగతి నాకు తట్టలేదు."

ఆ రోజు ఏమీ కాల్చకుండానే గొర్రెను మత్తులోంచి లేపారు.

పోగును సన్నని గొట్టంలో వదులుగా ఉంచితే లాగుడు తగలలేదు గానీ, వేడి ఆలస్యంగా తెలిసేది. గొట్టం పలచన చేస్తే విరిగేది. ఆ చలికాలమంతా సెరిమ్బెత్ నూనెలో వేయించిన వేడి బౌర్సాక్ రొట్టెలు పట్టుకుని ఆమె ప్రయోగశాలకు వెళ్లేవాడు.

"విరగ్గొట్టడానికి ఇంకేమైనా మిగిలిందా, తల్లీ?"

ఆమె నూనె వేళ్లు తుడుచుకుని, విరిగిన ముక్క తీసి, ఎందుకు విరిగిందో చెప్పేది. చెడినదాన్ని ఇంత నిబ్బరంగా చూపించే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు.

చివరికి పలచగా ఉండీ విరగని గొట్టం కుదిరింది. మరిన్ని గొర్రెల మీద పరీక్షలు నెగ్గి, అనుమతులు వచ్చాక, పిత్తనాళాన్ని ఆనుకుని గడ్డ ఉన్న ఒక టీచరమ్మకు ఆ పోగు పెట్టారు. ఆమె ఊపిరి తీస్తున్నా అంకె తొణకకుండా పైకి పాకింది.

"ఆపండి, సేకే. వేడి నాళం అంచుదాకా వచ్చింది."

ఆయన చెయ్యి ఇంకాస్త కాల్చాలంటోంది. అయినా ఆపేశాడు. మర్నాటి స్కానులో గడ్డ మొత్తం మాడింది, నాళం చెక్కుచెదరలేదు.

"నా అంచనాకే వదిలేస్తే నాళాన్ని కాల్చేసేవాణ్ణి," అన్నాడు సెరిమ్బెత్.

"ఒక్క కేసుతో ఏం తేలుతుంది? లావుపాటి మనిషిలో ఎలా ఉంటుందో చూడాలి."

సెరిమ్బెత్ పకపకా నవ్వాడు. నాళం పక్క గడ్డలన్నింటికీ ఇక అక్మరాల్ వచ్చాకే సూది పట్టుకుంటానని వార్డులో అందరికీ చెప్పేశాడు.