కల్వర్టుకి ఇటువైపు

పంక్చరు కొట్టు వ్యాపారం ఎంత మేర? గాలి పోయిన బండిని తోసుకుంటూ మనిషి ఎంత దూరం ఓర్చుకోగలిగితే అంత. ఈ లెక్క మామది. తన దగ్గరే పని నేర్చినవాడికి కూతుర్నిచ్చి, అదే రోడ్డు మీద అవతల కొట్టు పెట్టించి, "కల్వర్టుకి అటు నీది, ఇటు నాది" అన్నాడు. కల్వర్టు రెండు కొట్లకీ నట్టనడుమ.

ఈ వానలు వెళ్లాక మామ ఈగలు తోలుకుంటున్నాడు. ఇలాగే సాగితే కొట్టు మూసెయ్యడమే. కల్వర్టుకి ఇటువైపు ఆగిన బండ్లు కూడా వెనక్కి తిరిగి అల్లుడి దగ్గరికే పోవడం కళ్లారా చూశాడు.

"నీ అల్లుడు అక్కడెవణ్ణో నిలబెట్టి బేరాలు మళ్లిస్తున్నాడే!" అన్నాడు భార్యతో.

"అయితే వెళ్లి పట్టుకోండి. ఇంట్లో కూర్చుని నా అల్లుణ్ణి ఆడిపోసుకోకండి."

మర్నాడు గుర్తుపట్టకుండా తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకుని, బండితో కల్వర్టు దాకా వెళ్లాడు. ఇటువైపే ఆపి, అటూ ఇటూ చూసి, చక్రంలో గాలి తీసేశాడు. ఎవడొస్తాడా అని కాచుకున్నాడు. ఎవడూ రాలేదు.

'పసిగట్టేశాడు, గడుసువాడు!' అనుకుని తన కొట్టువైపు తోయడం మొదలుపెట్టాడు. కాసేపటికే పిక్కలు పట్టేశాయి. ఎదురుగా ఎత్తు. ఒగురుస్తూ ఆగాడు. బండి వెనక్కి జారింది. హ్యాండిలు దానంతటదే తిరిగినట్టు తిరిగింది, కాళ్లు దాని వెంట నడిచాయి. తలెత్తేసరికి ఎదురుగా అల్లుడి కొట్టు.

"గాలి పోయిందా మామయ్యా? ఆ ముసుగేంటి?"

"ముందు ఇది చెప్పు. మా వైపు రోడ్డు ఎత్తు చేయించిందెవడు? నువ్వే కదూ?"

అల్లుడు తెల్లబోయాడు. "మీరే కదండీ! మొన్న వానలకి కొట్టు ముందు రోడ్డు మీద నీళ్లు నిలిచాయని కాంట్రాక్టరు వెంటపడి, దగ్గరుండి మట్టి పోయించారు."

మామ తలగుడ్డ విప్పేశాడు. అల్లుడు గాలి కొట్టాడు. గాలి కారుతోందేమోనని మామ ఉమ్మి తడి చేసిన వేలు వాల్వు మీద పెట్టి చూశాడు. బుడగ రాలేదు.

"ఇంకా అనుమానమేనా?" నవ్వాడు అల్లుడు.

"అలవాటులేరా."

మర్నాడు పొద్దున్నే నీళ్ల తొట్టీ పంపూ మోసుకుని బయల్దేరిన మొగుణ్ణి చూసి, "ఎక్కడికి?" అంది భార్య.

"ఎత్తు కిందికి. జనం ఒగర్చకముందే పట్టుకోవాలి."