ఇల్లంతా స్పాంజి

సోఫాలు కుట్టే మేస్త్రికి ఏ కష్టానికైనా ఒకటే మందు తెలుసు: స్పాంజి. భార్య ఎముకలు పలచబడ్డాయని, పడితే విరగొచ్చని డాక్టరమ్మ అనగానే అతని చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత చెప్పిందంతా ఆమె ఒక్కతే విన్నది.

మర్నాడే దుకాణంలో ఉన్న స్పాంజంతా ఇంటికి చేరింది. బల్ల అంచులకు, గోడ మూలలకు బిగించాడు. నేలంతా పరిచాడు. ఆమెను నట్టనడుమ కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రేమకు బుద్ధి కూడా ఉంటే లోకం ఎప్పుడో బాగుపడేది.

"ఏమయ్యా, నేను దుకాణానికి రావాలి. నా కుట్టుమిషను బూజు పట్టిపోతోంది."

"నువ్విప్పుడు గాజుబొమ్మవే. కదిలితే ఊరుకోను."

"గాజుబొమ్మనైతే అద్దాల బీరువాలో పెట్టు. ఈ దూదిబస్తాలో కుక్కుతావేం? నడవమందయ్యా డాక్టరమ్మ! బరువు పడితేనే ఎముక గట్టిపడుతుందట. కాళ్లకు అడ్డంపడేవి తీసెయ్యమంది."

"డాక్టర్లకేం, చెప్పిపోతారు. పడితే ఏడ్చేది నేను."

పెళ్లయిన నాటినుంచీ సోఫా కవర్లు కుట్టిన చేతులామెవి. ఊరకుంటే తిమ్మిరెక్కేవి. ఓ పొద్దున మంచినీళ్లకని లేచింది. స్పాంజి మడత కాలికి తగిలింది. తూలి వెళ్లి, గుమ్మం దగ్గర వంగి ఇంకో ముక్క అతికిస్తున్న మొగుడిమీద పడింది. అతను ముందుకు తూలి గచ్చుమీద చెయ్యి ఆనించాడు. ఇల్లంతా పరిచిన మహానుభావుడు, అక్కడొక్కచోటే ఇంకా పరచలేదు.

ఆమెకు గీత కూడా పడలేదు. అతని మణికట్టు పుటుక్కుమంది.

"ఇంతమాత్రానికే విరిగిందా?" అని డాక్టరమ్మ అతని ఎముకలకూ పరీక్ష చేయించింది. భార్యకన్నా అధ్వాన్నం! సిగరెట్లు మానమంది, మందులు రాసింది, చెయ్యి అతుక్కునేలోగా కాళ్లకు పని చెప్పమంది.

"మగాళ్లకు కూడా వస్తుందా ఇది?" అన్నాడు, మొహం వేలాడేసి.

"ఎముకలకు మీసాలుంటాయా?" అంది భార్య.

ఆ సాయంత్రమే నేలమీది స్పాంజంతా పీకేసింది. మర్నాడు మొగుణ్ని ఎండలో నడిపించుకుంటూ దుకాణానికి తీసుకుపోయింది. దారంతా సణిగాడు. ఆమె వినలేదు. మిషను దుమ్ము దులిపి, సూదిలో దారం ఎక్కించి, తొక్కడం మొదలెట్టింది. ఆ చప్పుడు వినగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, కొత్త సోఫాలో మెల్లిగా కూర్చోబోయాడు.

"లే," అంది ఆమె తలెత్తకుండానే. "అది అమ్మకానికి పెట్టింది. నువ్వు వీధి చివరిదాకా ఇంకోసారి నడిచిరా, గాజుబొమ్మా."