సీసం గింజలు

పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి, ప్లగ్గులకు నిప్పురవ్వలిచ్చే రెండు మాగ్నెటోల్లో ఎడమదాన్ని ఆపుతాను. కుడిదాని మీద ఇంజన్ తడబడుతుంది. అది తడబడిన ప్రతిసారీ ఆకాశం మూరెడు కిందికి దిగుతుంది.

నేను ఇంజన్ ఆపేసరికి ఆకాశం పొగాకు ఆరబెట్టే బ్యారన్ కప్పు దాటి మనిషి తల ఎత్తుకు వచ్చేసింది. కప్పు పైభాగం ఆకాశానికి అవతలెక్కడో ఉంది. ఈ బ్యారన్ మా వదిన శేషారత్నానిది. పొగాకు వేయడం మానేశాక నాకిచ్చింది. ఇందులోనే ఏళ్ల తరబడి ఈ విమానాన్ని నా చేతులతో కట్టుకున్నాను.

ఊరు అప్పుడే అలవాటు పడుతోంది. జనం నడుములు వంచి నడుస్తున్నారు. ఎవరో ఆకాశానికి దండెం కట్టి లుంగీలు ఆరేశారు. అవి తొందరగా ఆరుతున్నాయి.

వదిన మాత్రం వంగదు. ఊళ్లో అందరికంటే పొడుగు మనిషి. ఆమె కొప్పు తగిలిన చోట ఆకాశం సొట్టపోయి ఉంది.

సర్పంచి వీరరాఘవులు మోకాళ్లు పట్టుకుని వంగి వస్తాడు. వరసకు నాకు బాబాయి.

"ఇంకో మూర దిగిందంటే పాకాల్సొచ్చిద్దమ్మా సుభాషిణీ. ఎగరడం గిగరడం మానుకో. నేల మీద తిప్పుకో, ఎవురొద్దన్నారు?"

"నేల మీద తిప్పినందుకే ఇట్టయింది బాబాయ్."

అది నిజం. విమానాల పెట్రోల్లో సీసం ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది పొగతో బయటికి పోతుంది. నెమ్మదిగా తిప్పుతూ కూర్చుంటే ప్లగ్గుల్లో చేరి గింజ కడుతుంది. కోతలయ్యాక ఎగురుదువులే అన్నారు. గాలి తగ్గాక అన్నారు. ఆడదానికెందుకన్నారు. నేను బ్యారన్ చుట్టూ తిప్పుతూ ఉండిపోయాను.

కింది వరస ప్లగ్గులు విప్పుతాను. మొనల చుట్టూ బూడిదరంగు గింజలు ఇరుక్కుని ఉన్నాయి. లోపలి పింగాణీ పగలకుండా సన్నటి ఉక్కు ముల్లుతో ఒక్కోటే పెకలిస్తాను. వదిన సత్తుపళ్లెం పట్టుకుంటుంది.

మొదటి గింజ పళ్లెంలో పడి "వద్దు" అంటుంది. మా నాన్న గొంతు. ఆ తర్వాతది నాకు లెక్కలు చెప్పిన మేష్టారి గొంతుతో అంటుంది. ఒకటి మాత్రం నా గొంతుతోనే అంటుంది. అది ఎంతకీ ఊడిరాదు. ముల్లు వంగుతుంది. నేను చెయ్యి తియ్యను. చివరికి అది రాలి, పళ్లెంలో ఒంటరిగా చాలాసేపు దొర్లుతుంది.

పళ్లెం బరువుకు వదిన నేలలోకి దిగబడుతోంది. చీలమండలు పోయాయి. మోకాళ్లు పోయాయి. నడుం మాత్రం నిటారుగానే ఉంది.

"వదినా, పళ్లెం కింద పెట్టు."

"కింద పెడితే ఈ సీసం మళ్లీ పాక్కుంటా నీ ఇంజన్లోకే వచ్చిద్ది. నన్ను జూసి నువ్వు చెయ్యాపమాక."

ఆఖరి గింజ రాలాక ఆమె పళ్లెం సర్పంచికి అందిస్తుంది. "ఇది మీ సొత్తు మావయ్యా. పట్టుకోండి."

ఆయన కాదనలేడు. అందులో ఆయన గొంతు కూడా ఉంది. పళ్లెం అందుకుని నడుం దాకా నేలలోకి దిగుతాడు. ఇక వంగే అవసరం లేదని గ్రహించి, హాయిగా బీడీ ముట్టిస్తాడు. వదిన చీర దులుపుకుని పైకి వస్తుంది.

పై వరస ప్లగ్గులు కిందికి, కిందివి పైకి మార్చి బిగిస్తాను. ఈసారి కుడి మాగ్నెటో మీద ఇంజన్ తడబడదు. ఆకాశం దిగడం ఆగుతుంది. పైకి మాత్రం లేవదు.

"అదేందే, లేవదే?" అంటుంది వదిన.

"దిగినచోటే ఉంటది. మనమే పోవాల. ఎక్కు."

"నా బరువు మోసిద్దా?"

"నీది బరువు కాదు వదినా. పొడుగు."

ఆమె వెనక సీట్లో కూర్చుని కొప్పు బిగించుకుంటుంది. నేను పూర్తి వేగం ఇస్తాను. జనం పక్కకు జరిగి, "తగిలిద్ది, తగిలిద్ది" అంటున్నారు. తగలడానికే వెళ్తున్నాను. ప్రొపెల్లర్ ఆకాశాన్ని తాకగానే కొత్త గుడ్డ చింపిన చప్పుడవుతుంది. చిరుగు అంచులు రెక్కలను రాసుకుంటూ జారిపోతాయి.

అవతల సముద్రం గోడలా నిటారుగా నిలబడి ఉంది. దాని మీద పడవలు నిచ్చెనెక్కినట్టు ఎక్కుతున్నాయి. ఒక పడవలోని ముసలామె వల బాగుచేసుకుంటూ మమ్మల్ని చూసి, "తోవ ఉంది, రండి" అంటుంది.

విమానం ముక్కు ఎత్తి నీటి వెంబడి నిలువుగా ఎక్కిస్తాను. ఇంజన్లోకి పోయే పెట్రోలు తగ్గించి గాలి పాలు పెంచుతాను. ఇంజన్ వేడెక్కి, శుభ్రంగా మోగుతుంది.

నీళ్లలోని చేపలన్నీ మావైపు తిరుగుతాయి. వాటికి రెప్పలు లేవు. అయినా సిలిండర్లు పేలే వరసలోనే, ఒకటి, మూడు, రెండు, నాలుగు, కళ్లు మూసి తెరుస్తున్నాయి. తెరిచిన ప్రతి కంట్లోనూ ఒక దీపం వెలిగించి ఉంది.