మిషను మనదే, బోర్డు బ్యాంకుది

చిన్నకోడలు ఎనిమిదో తరగతితోనే బడి మానేసింది కానీ, ఈ ఏడాదిలో ఆమె నోట అన్నిటికంటే ఎక్కువగా నలిగిన మాట మాత్రం బ్యాంకువాళ్లది: హైపోథికేషన్. మొదట్లో నాలుక తిరిగేది కాదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా గడగడా చెబుతుంది. ఎంత చెప్పినా ఎవరి బుర్రకూ ఎక్కదు, అదే ఆమె ఏడుపు.

ముందుగదిలోని కరెంటు కుట్టుమిషను, అంచులు కొట్టే మిషను రెండూ లోనుతో కొన్నవే. డబ్బిచ్చిన రోజునే బ్యాంకువాళ్లు ఒక రేకు బోర్డు కూడా చేతిలో పెట్టారు. "ఇక్కడి యంత్రాలు, సరుకు మా బ్యాంకుకు హైపోథికేట్ చేయబడినవి" అని ఎర్రటి అక్షరాలు. వచ్చేపోయేవాళ్లకు కనబడేలా గోడకు కొట్టాలట. కొట్టిన నాటినుంచి ఆమెకు మనశ్శాంతి లేదు.

"మిషను తాకట్టు పెట్టేశావా తల్లీ? ఎంత కష్టమొచ్చింది!" అంటూ ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

"తాకట్టు కాదు పిన్నీ. తాకట్టంటే గాజులు తీసుకెళ్లి వాళ్ల బీరువాలో పెట్టడం. ఇది మనింట్లోనే ఉంటుంది, మనమే వాడుకుంటాం. బాకీ కట్టకపోతేనే వాళ్లొచ్చి పట్టుకెళ్తారు."

"నేనన్నదీ అదేగా!" అని ఆవిడ కుట్టడానికిచ్చిన గుడ్డ చంకన పెట్టుకుని చక్కాపోయింది.

బయటివాళ్ల సంగతి సరే, ఇంట్లో అత్తగారు ఇంకో తిరకాసు పెట్టింది. "ఇల్లు తనఖా పెట్టినా మనం ఇంట్లోనే ఉంటాం కదే. దానికీ దీనికీ తేడా ఏంటి?"

"తనఖా కదలనివాటికి అత్తయ్యా, ఇల్లూ స్థలం లాంటివి. ఇది కదిలేవాటికి."

"పొద్దుటినుంచి కదలకుండా కూర్చున్నావు. అయితే నువ్వు తనఖావా?"

చిన్నకోడలు కుడుతున్న దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపింది.

ఇలా బోర్డు చూసి గిరాకీలు ఒక్కొక్కరే జారుకుంటూండగా పెద్ద పని తగిలింది. ఒక బడికి నూటఇరవై యూనిఫాం చొక్కాలు. అది దక్కితే మూడు నెలల వాయిదాలు గట్టెక్కుతాయి. దక్కకపోతే మిషన్లు నిజంగానే గడప దాటుతాయి. బడి స్టోరు చూసుకునే పెద్దాయన కత్తిరించిన ముక్కల మూటతో సోమవారం వస్తానన్నాడు. ఆ ఉదయం ఆమె గోడమీది బోర్డు ఊడదీసి, తన చంటిపాప పడుకునే బొంత కింద దాచేసింది.

స్టోరాయన వచ్చాడు, మిషన్లు చూశాడు, తల ఊపాడు, మూట దించాడు. సరిగ్గా అప్పుడే బ్యాంకు ఆఫీసరమ్మ హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది, తనిఖీకట.

"బోర్డేదమ్మా?"

"ఏం బోర్డు?" అన్నాడు స్టోరాయన.

చిన్నకోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇక దాచి లాభం లేదని బొంత కిందనుంచి రేకు లాగింది. పాప కదిలి మూలిగింది.

"దాచిపెట్టడమేంటమ్మా? నేనిది రాసుకోవాలి" అని ఆఫీసరమ్మ పుస్తకం తీసింది. స్టోరాయన కళ్లజోడు సర్దుకుని బోర్డు చదివాడు.

"యంత్రాలు... సరుకు. సరుకంటే? నా మూట కూడానా?"

ఏడాదిగా ఊరందరికీ ఆ బోర్డు అర్థం చెప్పింది ఆమె. యంత్రాల గురించే చెప్పింది. సరుకు అన్న మాట దగ్గర ఆమె చూపు ఒక్కసారీ ఆగలేదు.

"ఆమె సొంత సరుకండీ. కుట్టమని ఇచ్చింది మీదే" అంది ఆఫీసరమ్మ. "కాకపోతే మీదని కాగితం ఉండాలి. మూటమీద పేరేం ఉండదు కదా."

"అంటే, మీవాళ్లు వస్తారా?"

"వాయిదాలు కడితే ఎందుకొస్తాం?"

"ఆ మూట ఆయనదేనని మీరే రాసి ముద్ర వేసివ్వండి మేడం" అని చిన్నకోడలు బతిమాలింది.

"నాకా అధికారం లేదమ్మా. మేనేజరుగారికి అర్జీ పెట్టుకో. పది రోజులు పడుతుంది. ముందు ఆ బోర్డు గోడకు కొట్టు." ఆఫీసరమ్మ సంతకం చేయించుకుని వెళ్లిపోయింది.

స్టోరాయన మూట ముడి బిగించాడు. చిన్నకోడలికి ఒళ్లు మండిపోయింది.

"దాస్తే మోసమంటారు, పెడితే మీరు మూట ఎత్తేస్తారు. నన్నేం చేయమంటారండీ?"

ఆయన మూట భుజానికెత్తుకోబోయాడు. ఆమె కొలతల పుస్తకంలోంచి కాగితం చించి, గుండ్రటి అక్షరాలతో రాసింది: నూటఇరవై చొక్కాల ముక్కలు కుట్టడానికి తీసుకున్నాను. ఇవి బడి స్టోరువి, నావి కావు. కింద సంతకం, తేదీ.

ఆయన రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రాత బాగానే ఉంది. కానీ తల్లీ, ఈ మూట పోతే నా ఉద్యోగం పోతుంది." అంటూనే మూట విప్పి పది చొక్కాల ముక్కలు లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు. మిగతాది మళ్లీ కట్టాడు. "ఇవాళ పది. అవి నా చేతికొచ్చాక రేపు ఇంకో పది."

"అయితే సాయంత్రం వస్తారా?"

"వెళ్తేగా రావడానికి!" ఆయన స్టూలు లాక్కుని, మూట కాళ్లదగ్గర పెట్టుకుని, మిషనుకీ తలుపుకీ మధ్య చతికిలబడ్డాడు.

పాప నిద్ర లేచి ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది. "ఎవరే ఆయన, వేళ్లూనుకుని కూర్చున్నాడు?" అని లోపలినుంచి అత్తగారి గొంతు.

చిన్నకోడలు పిల్లను ఎత్తుకుంది. బల్లమీది పది చొక్కాలూ చూసింది, స్టూలు మీది మనిషినీ చూసింది.

"కూర్చోవడం ఎలాగూ కూర్చున్నారు బాబాయిగారూ" అని పాపను ఆయన ఒళ్లో దింపేసింది. ఆయన ఏదో అనబోయేలోపే స్విచ్చి వేసి, మొదటి కాలరు సూది కిందికి తోసింది.