రెండు నిమిషాలు నడువనియ్యి

మా తండాలో మొదటి కారు నాది. కొత్తదేం కాదు, హనుమకొండలో ఒక కాంట్రాక్టరు కొన్నేళ్లు వాడి అమ్మేసిన డీజిల్ బండి. వెనక అద్దం మీద తెల్ల అక్షరాలతో టర్బో అని రాసి ఉండేది. కొన్న నెల దాకా ఆ మాటకు అర్థం నాకు తెలియదు, గొప్ప కోసం రాయించుకున్నారేమో అనుకున్నాను. సర్కారు బడిలో సైన్సు చెప్పే పంతులును, ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అర్థం చెప్పినవాడు స్టేషన్ ఘన్‌పూర్ మెకానిక్ ఐలేశ్. బానెట్ ఎత్తి, ఇంజను పక్కన నత్తగుల్లలా ఉన్న ఇనుప ముక్కను చూపించాడు.

"గిదే సార్ టర్బో. పొగ పోయే జోరుకు లోపల చక్రం తిరుగుతది, ఇంజన్లకు గాలి నూకుతది. గందుకే బండికి గంత గుంజుడు. నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతది. అంత తిరిగేది నూనె మీదనే బతుకుతది."

"అయితే నేనేం జెయ్యాలె?"

"పొద్దుగాల స్టార్ట్ జేసినంక జరసేపు ఆగి కదులు. ఉరికించుకొచ్చినంక ఎంటనే చావి తిప్పకు, రెండు నిమిషాలు ఉత్తగ నడువనియ్యి. ఇంజన్ బందయితే నూనె ఆగుతది, చక్రం ఆగది. ఎండుగ తిరుగుతది. లోపలి నూనె మాడి బొగ్గయితది. గిదొక్కటి యాదుంచుకో, పదేండ్లు నడుస్తది."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేనూ అంతే. బడి నుంచి వచ్చి ఇంటి ముందు బండి ఆపి, ఇంజను నడుస్తుండగా గడియారం చూస్తూ లోపలే కూర్చునేవాణ్ణి. సురేందర్ సారుకు బండి దిగబుద్ధి కావడం లేదని తండా అంతా నవ్వేది.

నవ్వనిది మా వదిన తుల్సీబాయి ఒక్కతే. మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు. అన్న తావుర్యాకు అప్పుడే పెళ్లయింది. కొత్త కోడలుగా వచ్చిన పిల్ల నన్ను పెంచింది. నా ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని కొడకండ్ల హాస్టలు దాకా నడిచింది. ఇంట్లో మేం మాట్లాడేది మా లంబాడా భాష, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. ఐలేశ్ చెప్పింది ఆమెకు చెబితే వెంటనే పట్టేసింది.

"దున్నొచ్చిన ఎద్దుకు రాంగనే నీళ్లు వెడ్తమా? జర ఒగర్పు తగ్గనిస్తం. గిది గంతే గదా."

ఆ రోజు నుంచి బండి చప్పుడు వినబడితే చాలు, పొయ్యి దగ్గర నుంచే అరిచేది. "అయినయా రెండు నిమిషాలు?"

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. మండలంలో టీచర్ల జేఏసీకి నేను కన్వీనర్‌ను. కొడకండ్ల చౌరస్తాలో టెంటు వేసి రోజూ పదకొండు గంటలకు దారిన పోయే బండ్లను ఆపి, తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల కోసం రెండు నిమిషాలు మౌనం పాటించేవాళ్లం. మొదటి రోజే ఒక లారీ ఇంజను దడదడమంటూ ఆ మౌనాన్ని పాడుచేసింది. నాకు ఒళ్లు మండింది.

"చప్పుడుల మౌనమేంది? ఇంజన్ బంద్ జెయ్యి," అన్నాను మైకులో.

"సెల్ఫ్ బాగలేదు సార్, మళ్ల స్టార్ట్ గాదు," అన్నాడు డ్రైవర్.

"పానమిచ్చిన పిలగాండ్ల కంటె నీ సెల్ఫ్ ఎక్కువనా?"

జనం చప్పట్లు కొట్టారు. డ్రైవర్ తలొంచుకుని ఇంజను ఆపాడు. తర్వాత పది మంది నెడితే గాని లారీ కదల్లేదు. ఆ రోజు నుంచి అది పద్ధతయింది. పాలకుర్తి, ఘన్‌పూర్, రఘునాథపల్లి టెంట్లలో కూడా, ఒక్కో చోట ఒక్కో వేళకు, మా పద్ధతే పెట్టారని తెలిసి పొంగిపోయాను. అబద్ధమెందుకు, ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత పొంగలేదు.

పద్ధతి పెట్టినవాడు తప్పించుకోలేడు గదా. మాట్లాడమని అన్ని టెంట్లకూ పిలిచేవారు, ఒక టెంటు నుంచి ఇంకో టెంటుకు ఎప్పుడూ ఆలస్యమే. ఎనభై మీద ఉరికించుకొచ్చి టెంటు ముందు బ్రేకు కొట్టేసరికి జనం లేచి నిలబడి ఉండేవారు. అందరూ చేతులు కట్టుకుని నిలబడితే నేను గుర్రుమంటున్న బండిలో ఎట్లా కూర్చుంటాను? టక్కున తాళం తిప్పేవాణ్ణి. తిప్పిన ప్రతిసారీ ఐలేశ్ మాట గుర్తొచ్చేది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ ఒక్కసారి రోజుకు నాలుగు సార్లయింది.

రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు వదిన గిన్నెలతో నా బండిలోనే వచ్చింది. నేను తాళం తిప్పగానే నా చేతి వైపు చూసింది.

"ఇంటికాడ ఆగుతవు, ఈడ ఆగవేంది?"

"ఈడ అందరు చూస్తరు వదినా."

"చూసెటోళ్లకు బండి నడుస్తదా?" అని గిన్నెలు దింపుకుంది.

అక్టోబరు వచ్చేసరికి బండి గొంతు మారింది. గేరు మార్చినప్పుడల్లా సన్నగా విజిల్ వేసేది. వెనక నీలం పొగ. ఘన్‌పూర్‌లో ఐలేశ్ ఆ పొగను చూసి టెంటు దాకా నడిచొచ్చాడు.

"నూనె తాగుతున్నది సార్. టర్బో ఖరాబయింది. గిట్లనే నడిపితే ఒకరోజు ఇంజన్ తన నూనె తనే గుంజుకుని మండిస్తది, చావి తీసినా ఆగది. పక్కకు వెట్టు."

"సమ్మె అయినంక చూద్దాం ఐలేశ్," అన్నాను. వరంగల్‌లో సామాన్ల దుకాణాలు మూసి ఉన్నాయి, అది నిజమే. కానీ బండి పక్కన పెట్టి నడిచి తిరగడానికి కన్వీనర్ గారికి నామోషీ, అది ఇంకా నిజం.

రోడ్ల బంద్ పిలుపు ఉన్న రోజు, మధ్యాహ్నం రెండింటికి వదిన పత్తి ఏరుతుంటే నాగుపాము కరిచింది. అన్న మోటారు సైకిలు మీద మండల దవాఖానకు తెచ్చాడు. నేను టెంటు నుంచి ఉరికాను. డాక్టరు సూది మందు ఎక్కించి, కనురెప్పలు పడిపోతున్నాయి, ఊపిరి మిషన్ అవసరం పడొచ్చు, వెంటనే వరంగల్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే కేసులో ఉంది, వచ్చేసరికి గంట పడుతుందన్నారు.

"ఆగుదామా?" అన్నాడు అన్న.

"గంటల నేను వరంగల్ల ఉంటనే. నా బండి ఉన్నది గదా," అన్నాను.

వెనక సీట్లో అన్న ఒడిలో వదిన తల. పాలకుర్తి టెంటు దగ్గర మావాళ్లు రాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. మమ్మల్ని ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆపలేదు. పాలకుర్తి దాటాక గట్టిగా తొక్కాను. విజిల్ కాస్తా కీచు అయింది. లోపల ఏదో ఫట్‌మని విరిగింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డంతా తెల్లటి పొగ. కాలు తీసేశాను. ఇంజను తగ్గలేదు, ఇంకా పెరిగింది. బండి ఆపి తాళం తీసేశాను. అయినా ఇంజను ఆగలేదు. ఊరూరా ఇంజన్లు ఆపించినవాణ్ణి, తాళం చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడితే నా ఇంజను నా ముందే అరిచింది. అరిచి అరిచి ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

అప్పుడు మౌనం ఎట్లా ఉంటుందో తెలిసింది.

"ఏమైంది బండికి?" అన్నాడు అన్న.

"ఏమో," అన్నాను.

అంబులెన్సుకు మళ్లీ ఫోన్ చేస్తే ఇప్పుడే కొడకండ్ల వైపు బయలుదేరిందన్నారు. పాలకుర్తి దాటి దారిలో ఉన్నామని చెప్పాను. రోడ్డుకు అటూ ఇటూ ఒక్క బండి లేదు. ఉండదు, ఆ బంద్ నేనే దగ్గరుండి చేయించాను. వదినను రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడకు దింపాం. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి ఏదో అంది, నాకు అర్థం కాలేదు. అన్న చెవి దగ్గర పెట్టి విని, "నీళ్లు అడుగుతున్నది," అన్నాడు. బండిలో నీళ్లు లేవు. నలభై నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. అప్పటికి పది నిమిషాల ముందే అన్న ఆమె ఛాతీ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

నాలుగో రోజు కొడకండ్ల టెంటుకు పోతే కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. రేషన్ కార్డులోని ఫోటోను పెద్దది చేసి, కింద అమరురాలు తుల్సీబాయికి జోహార్లు అని రాయించారు. బంద్ రోజున పోయింది గదా అని తోటి టీచరు లక్ష్మీకాంత్ మంచి మనసుతోనే చేయించాడు. అన్నను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. నాకు మైకు ఇచ్చాడు. పదకొండు కావడంతో అందరూ లేచి నిలబడ్డారు.

అప్పుడే పాలకుర్తి వైపు నుంచి ఒక జీపు ఉరికొచ్చి ఆగింది. డ్రైవర్ ఇంజను ఆపలేదు. టెంటు పనులు చూసే పోశాలు గబగబా అటు నడిచాడు.

"పోశాలూ, ఉండనియ్యి. ఆపకు. రెండు నిమిషాలు నడువనియ్యి," అన్నాను మైకులోనే.

"మీరు వెట్టిన పద్ధతే గద సార్?"

"నేనే వెట్టిన."

జీపు చప్పుడులోనే మౌనం అయిపోయింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న మాత్రం నన్నే చూస్తున్నాడు. వంటావార్పు రోజు నన్ను అడిగిన మాట వదిన ఆయనకు కూడా చెప్పి ఉంటుంది. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"గా రోజు ఏమైందంటే ఏమో అన్నవు."

చెప్పాను. ఐలేశ్ చెప్పింది, వదిన అడిగింది, నేనన్నది, నీలం పొగ, అన్నీ వరుసగా చెప్పాను. మైకు ఆపలేదని మధ్యలో తెలిసింది. అయినా ఆగలేదు. అన్న చివరి దాకా విన్నాడు. తర్వాత ఫ్లెక్సీ దగ్గరికి పోయి నాలుగు మూలల తాళ్లు విప్పాడు. లక్ష్మీకాంత్ వద్దని చెయ్యి పట్టుకున్నాడు.

"గీమె ఉద్యమంల సావలే సారూ. మా తమ్ముని బండ్ల సచ్చింది," అన్నాడు అన్న.

ఫ్లెక్సీని మొహం లోపలికి పెట్టి చుట్టి, చంకలో పెట్టుకుని తండా దారి పట్టాడు. నేను వెనకే నడిచాను. ఊరి చివర ఒకసారి ఆగి, వెనక్కి తిరగకుండానే రావద్దని చెయ్యి ఊపాడు.